తెల్లవెంట్రుకలు కలిసిపోయేలా: తాత్కాలిక రంగు ఇంట్లోనే వేసుకునే పద్ధతి

పాపిట తీసుకుంటూ అద్దంలోకి చూస్తాం. పోయిన వారం లేని తెల్లటి గీత ఈ వారం కనిపిస్తుంది. వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. అందుకే శాశ్వత రంగు వేసుకున్న తలలో మూడు వారాలు గడిచేసరికి కుదుళ్ల దగ్గర అర సెంటీమీటరుకు పైగా తెలుపు బయటపడుతుంది. ఎప్పుడూ రంగు వేయని తలలో అయితే చాలామందికి నెరుపు ముందుగా కణతల దగ్గర కనిపించి, తరువాత మెల్లగా మాడు వైపు పాకుతుంది.

సాయంత్రమే ఒక వేడుక ఉంటుంది, లేదా మర్నాడే ఇంటర్వ్యూ ఉంటుంది. శాశ్వత రంగుకు తీరిక ఉండదు. కొందరికి తీరిక ఉన్నా దాని జోలికి వెళ్లాలని ఉండదు. అలాంటప్పుడు తాత్కాలిక రంగు నిజంగా ఆదుకుంటుంది. ఏళ్ల తరబడి వాడిన అనుభవంతో ఒక మాట ముందే చెబుతాను. తెల్లవెంట్రుకను నల్లవెంట్రుకగా మార్చాలని కూర్చుంటే ఈ రంగు నిరాశపరుస్తుంది. దాన్ని పక్కనున్న వెంట్రుకల్లో కలిపేస్తే చాలు అనుకుంటే చక్కగా పనిచేస్తుంది. ఏ ఛాయ కొనాలి, ఎంత వేయాలి, ఎక్కడ చేయి ఆపాలి అనే ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ తేడాలోనే ఉంది.

ఏది తాత్కాలికం, ఏది కాదు

వెంట్రుకకు పైన చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి పరుచుకున్న పైపొర ఉంటుంది. దాని లోపలి మందపాటి పొరలో మెలనిన్ అనే వర్ణకం ఉంటుంది. మన జుట్టు రంగు దానివల్లే. కుదురులోని కణాలు మెలనిన్ అందించడం మానేస్తే ఆ వెంట్రుక తెల్లగానే పుడుతుంది. బూడిద రంగు వెంట్రుకలని మనం అనుకునేవి చాలావరకు తెల్లవీ నల్లవీ పక్కపక్కన ఉండి దూరానికి అలా కనిపించేవే.

రంగుల మధ్య తేడా ఈ పొలుసుల దగ్గరే మొదలవుతుంది. అసలైన తాత్కాలిక రంగులో కణాలు పెద్దవి. అవి పైపొరను దాటి లోపలికి పోలేవు. గోడకు వేసిన సున్నంలా పైనే అంటుకుని ఉండి, ఒక్కసారి షాంపూతో తల రుద్దుకుంటే పోతాయి. స్ప్రేలు, పౌడర్లు, జుట్టు మస్కారాలు, రంగు మైనాలు, స్టిక్కులు ఈ కోవలోకి వస్తాయి. రెండో రకాన్ని అర్ధశాశ్వత రంగు అంటారు. దీని కణాలు చిన్నవి, కొంతవరకు పొలుసుల సందుల్లోకి దూరతాయి. వీటిలో అమోనియా, పెరాక్సైడ్ ఉండవు. 6 నుంచి 12 తలస్నానాల వరకు క్రమంగా వెలిసిపోతాయి. వారానికి రెండుసార్లు తల రుద్దుకునేవారికి మూడు వారాల నుంచి ఆరు వారాల దాకా వస్తాయన్నమాట. ఈ మార్గదర్శి ఈ రెండు రకాల గురించే.

శాశ్వత రంగు దారి వేరు. అందులో క్షారం పొలుసులను తెరుస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ సహజ వర్ణకాన్ని వెలిసిపోయేలా చేస్తుంది, లోపలికి వెళ్లిన చిన్న అణువులను కలిపి పెద్ద రంగు అణువులుగా మారుస్తుంది. అవి ఇక బయటికి రాలేవు. ఆ చిన్న అణువుల్లో అందరూ ఎక్కువగా విన్నది పారా ఫినిలిన్ డయమైన్, పొట్టిగా పీపీడీ. 1907లో ఫ్రాన్సులో యూజీన్ షూలర్ అనే రసాయన శాస్త్రవేత్త తన రంగును అమ్మకానికి సిద్ధం చేసినప్పటి నుంచి నేటివరకు ముదురు శాశ్వత రంగుల ప్రధాన మార్గం ఇదే.

ఇక్కడ మా అక్క సంగతి చెప్పాలి. తలకు రంగు వేసే షాంపూ అని రాసి ఉన్న ఒక పొట్లం తెచ్చుకుంది. షాంపూయే కదా, ఒక పూటలో పోతుంది కదా అనుకుంది. మర్నాడు లేచేసరికి కనురెప్పలు వాచి కళ్లు తెరుచుకోలేదు. చెవుల వెనుక, మెడ మీద నీటిపొక్కులు వచ్చాయి. అది అసలు తాత్కాలిక రంగే కాదు. పొట్లంలోని రెండు అరల్లో ఒకదానిలో పీపీడీ, రెండోదానిలో పెరాక్సైడ్ ఉన్నాయి. ఒకసారి పీపీడీ అలర్జీ మొదలైతే అది సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఆమె ఇక ఆ రకం రంగు ఏదీ వాడలేదు. అందుకే ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్న పేరును పక్కనపెట్టి, వెనుకవైపు చిన్న అక్షరాలను చదవమని ఎవరు అడిగినా పట్టుబట్టి చెబుతాను.

ఏం చూడాలి? రెండు పదార్థాలను కలపమని ఉంటే అది తాత్కాలికం కాదు. పదార్థాల జాబితాలో ఫినిలిన్ డయమైన్, టోలుయిన్ డయమైన్, రిసార్సినాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి పేర్లు ఉంటే కూడా కాదు. ఐరన్ ఆక్సైడ్స్ అని గానీ, సీఐ 77491, 77492, 77499 అని గానీ ఉంటే అవి ఎరుపు, పసుపు, నలుపు ఖనిజ వర్ణకాలు. పైపూత రంగుల్లో కనిపించేవి ఇవే. హెచ్‌సీ బ్లూ, హెచ్‌సీ యెల్లో, బేసిక్ బ్రౌన్, డిస్పర్స్ వయొలెట్ లాంటి పేర్లు ఉండి పెరాక్సైడ్ లేకపోతే అది అర్ధశాశ్వత రంగు.

గోరింటాకు పేరుతో అమ్మే నల్లటి పొడుల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. గోరింటాకు ఒక్కటే నలుపు ఇవ్వదు. అందులోని లాసోన్ అనే రంగు పదార్థం తెల్లవెంట్రుకను నారింజ కలిసిన ఎరుపుగా మారుస్తుంది, ఆ రంగు కడిగితే పోయేది కూడా కాదు. నలుపు వచ్చిందంటే దానికి నీలిమందైనా కలిపి ఉండాలి, పీపీడీ అయినా కలిపి ఉండాలి. రోజూ రాస్తుంటే మెల్లమెల్లగా నలుపెక్కుతుందని చెప్పే ద్రావణాలది మరో కథ. వాటిలో కొన్నిటిలో లెడ్ అసిటేట్, అంటే సీసం ఉండేది. జుట్టు రంగుల్లో దాని వాడకానికి ఉన్న అనుమతిని రద్దు చేస్తున్నట్టు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ప్రకటించింది. పాత సీసా ఏదైనా ఇంట్లో ఉంటే పదార్థాల జాబితా ఒకసారి చూడండి.

మీ తలకు ఏది తగినది

నెరుపు ఎంత ఉందో పగటి వెలుగులో, కిటికీ దగ్గర చూసుకోవాలి. పసుపు దీపం కింద సగమే కనిపిస్తుంది.

అక్కడక్కడా పది, ఇరవై వెంట్రుకలే ఉంటే మస్కారా చాలు. అంత మాత్రానికి తలంతా రంగు పూసుకోవడం అనవసరం. పాపిటలో గీత, కణతల దగ్గర పాయలు తెల్లబడితే స్ప్రే గానీ పౌడర్ గానీ సరిపోతుంది. పొట్టిగా, నిక్కబొడుచుకుని, దువ్వినా పడుకోని తెల్లవెంట్రుకలకు మైనం ఉన్న స్టిక్ మంచిది, ఎందుకంటే అది రంగుతో పాటు వాటిని అణిచిపెడుతుంది. మూడో వంతుకు పైగా నెరిసి తలంతా పరుచుకుని ఉంటే అర్ధశాశ్వత రంగు మేలు. తెల్లవి ముదురు గోధుమ, తేనె ఛాయల్లోకి మారి మిగతా జుట్టులో సన్నటి లేత పాయల్లా కలిసిపోతాయి. నన్నడిగితే అది చదునైన నలుపు కన్నా ఎంతో అందంగా ఉంటుంది.

తల ముగ్గుబుట్టలా పూర్తిగా తెల్లబడినవారికి ఉన్నదున్నట్టు చెప్పాలి. పైపూత రంగులతో తలంతా కప్పడం సాధ్యమే కానీ విగ్గులా కనిపిస్తుంది, చేయి తగిలితే అంటుకుంటుంది. అలాంటి తలకు అర్ధశాశ్వత రంగులో లేత ఛాయ ఒక్కటే నేను సూచించేది.

జుట్టు పలచబడి మాడు కనిపిస్తున్నవారికి పౌడర్ రెండు పనులు చేస్తుంది. వెంట్రుకతో పాటు దాని కింది చర్మానికీ కొంచెం రంగు అంటుతుంది కాబట్టి పాపిట వెడల్పు తగ్గినట్టు కనిపిస్తుంది.

ఇంతకుముందు బ్లీచ్ చేయించుకున్నవారు, వేడి పరికరాలతో జుట్టు బాగా దెబ్బతిన్నవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పొలుసులు లేచిపోయిన వెంట్రుక స్పంజిలా పీలుస్తుంది. ఒక్క స్నానంతో పోవలసిన రంగు కూడా వారాల తరబడి నీడలా మిగలవచ్చు.

టీ డికాషన్, కాఫీ గురించి అడిగేవారు చాలామంది. తెల్లవెంట్రుకకు కొద్దిపాటి మట్టిరంగు నీడ వస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు. తడిస్తే కారుతుంది కూడా.

ఛాయ ఎంపిక

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. జుట్టు నల్లనిది కదా అని నలుపు కొంటారు. కానీ మనం నలుపు అనుకునే జుట్టులో చాలాభాగం ఎండలో చూస్తే చాలా ముదురు గోధుమ. దాని పక్కన కాటుకలాంటి నల్లటి పూత పడితే రెండు మీటర్ల దూరం నుంచే తెలిసిపోతుంది. పైపూతలకు సహజ జుట్టు మెరుపు ఉండదు కాబట్టి తేడా ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. ముదురు గోధుమతో మొదలుపెట్టండి. అది చాలకపోతేనే నలుపు వైపు వెళ్లండి. ముదురు చేయడం ఎప్పుడైనా చేయవచ్చు. లేత చేయడం మాత్రం తల కడిగితే తప్ప కుదరదు.

రంగు డబ్బాల మీద చాలా కంపెనీలు అంకెలు వేస్తాయి. మొదటి అంకె గాఢత: 1 అంటే నలుపు, 10 అంటే బాగా లేత బంగారు వన్నె. చుక్క తరువాతి అంకె ఛాయను చెబుతుంది. సాధారణంగా 1 బూడిద ఛాయ, 3 బంగారు ఛాయ, 4 రాగి ఛాయ. కంపెనీని బట్టి కొద్దిగా మారుతుంది కాబట్టి పక్కన రాసిన పేరు కూడా చూసుకోవాలి. తెల్లవెంట్రుక మీద రాగి, ఎరుపు ఛాయలు అనుకున్నదానికన్నా ఎక్కువగా మండినట్టు కనిపిస్తాయి, ఎందుకంటే వాటిని అణచడానికి కింద వేరే వర్ణకం ఏదీ లేదు. అర్ధశాశ్వత రంగు తీసుకుంటున్నప్పుడు తటస్థ ఛాయ గానీ, బూడిద ఛాయ కొద్దిగా కలిసినది గానీ తీసుకోండి.

మరో సంగతి: తాత్కాలిక రంగు ఏదీ జుట్టును లేత చేయలేదు. నల్లజుట్టు మీద గోధుమ రంగు వేస్తే నల్లదనం అలాగే ఉంటుంది, తెల్లవెంట్రుకల మీద మాత్రమే ఆ రంగు కనిపిస్తుంది. మన పనికి ఇది కలిసొచ్చే గుణం. అంతటా ఒకే రంగు పడినట్టు కాకుండా, ఏ వెంట్రుకకు కావాలో దానికే రంగు చేరుతుంది.

ముందుగా చర్మంపై పరీక్ష

పైపూత రంగులతో అలర్జీ అరుదు. అరుదంటే రాదని కాదు. పరిమళ ద్రవ్యాలు, పాడవకుండా ఉంచే పదార్థాలు వాటిలోనూ ఉంటాయి. మోచేయి లోపలి వైపు గానీ చెవి వెనుక గానీ రూపాయి బిళ్లంత మేర రంగు రాసి, ఆరనిచ్చి, 48 గంటలు కడగకుండా చూడండి. దురద, ఎరుపు, వాపు ఏది వచ్చినా వెంటనే కడిగేసి ఆ రంగు మానేయండి. నల్లటి తాత్కాలిక టాటూ వేయించుకున్నప్పుడు ఎప్పుడైనా పొక్కులు వచ్చినవారు అర్ధశాశ్వత రంగుల విషయంలో కూడా చర్మవైద్యులను అడిగి ముందుకు వెళ్లడం మంచిది. ఆ టాటూల్లో పీపీడీ ఎక్కువ మోతాదులో ఉండి శరీరాన్ని సున్నితం చేస్తుంది. తలలో పుండ్లు, గీతలు, సోరియాసిస్ లాంటివి ఉన్న రోజుల్లో ఏ రంగూ వద్దు.

స్ప్రే, పౌడర్ వేసే పద్ధతి

మొదట తలస్నానం. జుట్టులో నూనె ఉంటే రంగు జారుతుంది. కండిషనర్ వాడితే కొసలకే పరిమితం చేసి కుదుళ్లను వదిలేయండి. తరువాత జుట్టు పూర్తిగా ఆరాలి. ఆరినట్టే అనిపిస్తుంది కానీ మెడ వెనుక, చెవుల పైన తడి ఉంటుంది. ఆ తడి మీద స్ప్రే పడితే నల్లటి చారలు మెడ మీదికి కారతాయి. ఒకసారి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా మీద నాకు అదే జరిగింది. అప్పటి నుంచి మెడ వెనుక చేత్తో తాకి చూడకుండా డబ్బా తీయను.

ముందు బొత్తాలున్న పాత చొక్కా తొడుక్కోండి. తల మీదుగా తీయవలసిన బట్టలైతే తీసేటప్పుడు చేసిన పనంతా చెరిగిపోతుంది. భుజాల మీద ముదురు రంగు తువ్వాలు వేసుకోండి. కిటికీ తెరవండి. స్ప్రే డబ్బాలో ఉండే వాయువు మండే స్వభావం కలది కాబట్టి పొయ్యి, దీపం, సిగరెట్టు దగ్గరలో ఉండకూడదు. ఉబ్బసం ఉన్నవారు స్ప్రే మానేసి పౌడర్ గానీ మస్కారా గానీ వాడుకోవాలి.

ఇక జుట్టును చివరికి ఎలా ఉంచాలనుకుంటున్నారో అలా ముందే సిద్ధం చేసుకోండి. పాపిట తీసి, జడ గానీ ముడి గానీ వేసి, అంతా అయ్యాకే రంగు. చాలామంది రంగు వేసి తరువాత దువ్వుతారు. దువ్వెన సగం రంగును తీసేస్తుంది, మిగిలిన సగాన్ని చోటు మారుస్తుంది.

డబ్బాను బాగా కుదపండి. మొదటి చిమ్ము ఎప్పుడూ చుక్కలు చుక్కలుగా పడుతుంది, దాన్ని ఒక కాగితం మీద వదిలేయండి. నుదుటి అంచుకు ఆనించి మందపాటి అట్టముక్క పట్టుకోండి. ఈ పనికి వ్యాజలీన్ వద్దు. ఎగిరిన రంగు దానికి అంటుకుని, తుడిచేకొద్దీ నుదుటంతా పరుచుకుంటుంది. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, సుమారు 15 సెంటీమీటర్ల దూరం నుంచి చిన్న చిన్న చిమ్ములుగా కొట్టండి. డబ్బా పట్టిన చేయి ఒకచోట ఆగకూడదు, గోడకు రంగు కొట్టేవారి చేతిలా కదులుతూనే ఉండాలి. ఆగిన చోట మచ్చ పడుతుంది. ఒక పొర వేసి రెండు నిమిషాలు ఆగండి. తెల్ల టిష్యూతో మెల్లగా అద్ది చూడండి. రంగు అంటకపోతే ఆరినట్టు. అప్పటికీ తెలుపు బాగా కనిపిస్తే పలచగా రెండో పొర వేయండి. కొద్దిగా తెలుపు మిగిలితే మిగలనివ్వండి. వంద వెంట్రుకల్లో రెండు తెల్లగా ఉన్న తల సహజంగా కనిపిస్తుంది, ఒక్కటీ లేని తలను చూస్తే రంగు గుర్తొస్తుంది.

కణతల దగ్గర నేరుగా స్ప్రే కొట్టడం నాకు ఇష్టం ఉండదు. అక్కడ చర్మం ఎక్కువ, జుట్టు తక్కువ. పక్కన పెట్టిన పాత టూత్‌బ్రష్ మీద స్ప్రే కొట్టి, వెంటనే దానితో వెంట్రుకలు పెరిగే దిశలో తేలిగ్గా తడిమితే రంగు కావలసిన చోటే పడుతుంది. చెవి పైభాగంలోనూ ఇదే ఉపాయం.

పౌడర్ అయితే కుంచెను రుద్దకూడదు, అద్దాలి. కుంచె మీది అదనపు పొడిని డబ్బా అంచుకు తట్టి రాల్చి, పాపిట పొడవునా ఒత్తుతూ వెళ్లండి. తరువాత పాపిటకు అటూ ఇటూ ఒక వేలి వెడల్పున పలచగా అద్దితే అంచు తెలియకుండా పోతుంది. చివరగా మామూలు హెయిర్ స్ప్రే దూరం నుంచి ఒక్కసారి కొడితే పొడి నిలుస్తుంది. వెనుక భాగం కోసం గోడ అద్దానికి వీపు పెట్టి నిలబడి, చేతి అద్దంలో చూసుకోండి. వీలైతే ఇంట్లో ఒకరిని పిలవడం మేలు. మాడు వెనుక మనకు కనిపించని చోట ఇతరులకు ముందు కనిపిస్తుంది.

మస్కారా, స్టిక్

మస్కారా కుంచెను బయటికి తీశాక టిష్యూకు ఒకసారి తుడవండి, లేకపోతే వెంట్రుకలు గుత్తులుగా అతుక్కుంటాయి. తెల్లపాయను రెండు వేళ్లతో సాగదీసి పట్టుకుని కుదురు నుంచి కొస వైపు పైనా కిందా రెండుసార్లు గీయండి. ఆరాక పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో విడదీయండి. స్టిక్‌ను వెంట్రుక పడుకునే దిశలోనే లాగాలి, ఎదురు లాగితే అది మళ్లీ లేస్తుంది. ఇంట్లో ఇవేవీ లేక, బయల్దేరే సమయమైతే కళ్లకు వాడే ముదురు గోధుమ ఐషాడో పౌడరు పాపిటలో అద్దుకోవచ్చు, బాగానే పనిచేస్తుంది. బూటు పాలిష్, మార్కర్ సిరా లాంటివి మాత్రం తల దగ్గరికి రానివ్వకండి.

అర్ధశాశ్వత రంగు వేసే పద్ధతి

దీనికి గంటన్నర తీరిక పెట్టుకోండి. వేడుక రోజు ఉదయం కాకుండా రెండు రోజుల ముందు వేసుకుంటే చర్మం మీది మరకలు కూడా అప్పటికి పోతాయి.

ముందుగా ఒక చిన్న పాయ మీద పరీక్ష చేయండి. చెవి వెనుక, పై జుట్టు కప్పేసే చోట తెల్లవెంట్రుకలున్న సన్నటి పాయ తీసుకుని రంగు రాసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఉంచి, కడిగి, ఆరబెట్టి, పగటి వెలుగులో చూడండి. తడిజుట్టు ఎప్పుడూ ముదురుగా కనిపిస్తుంది కాబట్టి ఆరకముందు తీర్పు చెప్పకండి. ఈ పరీక్షను బద్ధకించినవారే తరువాత ఛాయ గురించి బాధపడతారు.

రంగు వేసే రోజు షాంపూతో రెండుసార్లు తల రుద్దుకోండి, కండిషనర్ వద్దు. తువ్వాలుతో అద్ది నీరు కారకుండా చూసుకోండి. కొన్ని రంగులు పొడిజుట్టు మీదే వేయమంటాయి, అప్పుడు డబ్బా మీది మాటే వినాలి. నుదుటి అంచు, చెవులు, మెడ వెనుక ఇప్పుడు వ్యాజలీన్ రాయండి. ఇక్కడ అది కాపాడుతుంది, ఎందుకంటే రంగు ద్రవంగా ఉంటుంది. అయితే వెంట్రుకలకు అంటనివ్వకండి. అంటిన చోట రంగు పట్టదు. చేతి తొడుగులు తప్పనిసరి.

జుట్టును నుదుటి నుంచి నడినెత్తి మీదుగా మెడ దాకా ఒక పాపిట, చెవి నుంచి చెవికి మరొక పాపిట తీసి నాలుగు భాగాలుగా క్లిప్పులతో బిగించండి. మొదట కణతలు, నుదుటి అంచు, పాపిట. తెల్లవెంట్రుకల పైపొర చాలామందిలో గట్టిగా, నునుపుగా ఉండి రంగును తొందరగా రానివ్వదు. అందుకే ఎక్కువ సమయం వాటికి దొరకాలి. ఒక్కో భాగంలో ఒక వేలి మందాన పాయలు తీస్తూ కుదుళ్ల నుంచి కుంచెతో చిక్కగా రాయండి. రెండువైపులా రాయడం మరవకండి. పాయ పైవైపు మాత్రమే రాసి వదిలేస్తే కింది తెలుపు గాలికి బయటపడుతుంది. కొసలకు చివరి అయిదు పది నిమిషాల్లో రాస్తే చాలు. అవి పాతవి, అరిగినవి, త్వరగా పీల్చుకుంటాయి.

షవర్ క్యాప్ పెట్టుకుని సాధారణంగా 20 నుంచి 30 నిమిషాలు ఆగాలి. ఈ మధ్యలో నుదుటి మీద పడిన చుక్కలను తడిదూదితో అప్పటికప్పుడే తుడవండి. ఎక్కువ సేపు ఉంచితే ఎక్కువ కాలం నిలుస్తుందని గంట దాటించేవారున్నారు. చెప్పిన సమయం దాటితే వెంట్రుకకు ఒరిగేది తక్కువ, చర్మానికి మంట మిగులుతుంది.

తరువాత గోరువెచ్చటి నీటితో, షాంపూ లేకుండా, నీరు తేటగా వచ్చేదాకా కడగండి. దీనికి అనుకున్నదానికన్నా ఎక్కువసేపు పడుతుంది. తొందరపడి ఆపితే ఆ రంగంతా దిండు మీదికి వస్తుంది. చివరగా కండిషనర్ రాసి రెండు నిమిషాలు ఉంచి కడిగేయండి. రెండు మూడు రోజులు షాంపూ వాడకండి, ఆ తరువాత సల్ఫేట్ లేని షాంపూ వాడితే రంగు నెమ్మదిగా వెలుస్తుంది. మొదటి వారం తలకు ముదురు రంగు తువ్వాలు వాడుకోండి. ఈత కొలనులోని క్లోరిన్ ఈ రంగును త్వరగా దించేస్తుంది.

మరోసారి వేసేటప్పుడు మొదలు నుంచి కొసల దాకా మళ్లీ పూయకండి. వెలిసిన తెల్లపాయలకు, కుదుళ్లకు మాత్రమే వేయండి. పూతమీద పూత పడితే కొసలు నల్లబడి, మొదళ్లు లేతగా మిగిలి, జుట్టు రెండు ముక్కలుగా కనిపిస్తుంది.

మీసం, గడ్డం, కనుబొమలు

ముఖం మీది చర్మం తలకన్నా సున్నితం. మీసానికి, గడ్డానికి స్ప్రే వద్దు. నోటికి, ముక్కుకు అంత దగ్గరగా చిమ్మడం మంచిది కాదు. గడ్డం కోసమే తయారైన కుంచె రంగులు వాడి, చెంపలకు దగ్గరగా తక్కువ, గడ్డం మధ్యలో కొంచెం ఎక్కువ వేస్తే సహజంగా ఉంటుంది. కనుబొమలకు, కనురెప్పల వెంట్రుకలకు తల రంగు ఏదీ తగలకూడదు. కనుబొమల పెన్సిల్ చాలు.

రోజంతా నిలవాలంటే, రాత్రికి దిగాలంటే

పైపూతకు శత్రువులు మూడు: చెమట, వాన, చేయి. నుదురు తడిస్తే తుడవకుండా టిష్యూతో అద్దండి. జుట్టు మాటిమాటికీ సవరించుకునే అలవాటు ఉంటే ఆ ఒక్క పూట చేతులను ఆపుకోవాలి. హెల్మెట్, టోపీ లోపలివైపు రంగు అంటుతుంది, తల మీద పలచటి ముదురు గుడ్డ చుట్టుకుని పెట్టుకోండి. లేతరంగు మెడపట్టీలున్న బట్టలు ఆ రోజుకు వద్దు. వాన వచ్చేలా ఉంటే స్ప్రే, పౌడర్ల కన్నా మస్కారా నయం, వాటిలో నీటికి తట్టుకునే రకాలు దొరుకుతాయి.

రాత్రి ఎంత అలసటగా ఉన్నా పైపూతతో పడుకోకండి. దిండు పాడవడం ఒకటైతే, స్ప్రేలోని జిగురు పదార్థంతో గట్టిపడిన వెంట్రుకలు నిద్రలో రాపిడికి తెగుతాయి, రంగు పొడి చెమటతో కలిసి మాడు మీద పేరుకుంటుంది. మైనం, స్టిక్, నీటికి తట్టుకునే మస్కారా వాడినప్పుడు నేరుగా షాంపూ వేస్తే అది జిడ్డుగా సాగుతుంది. ముందు ఆ పాయలకు కొంచెం నూనె రాసి అయిదు నిమిషాలు వేళ్లతో నలిపి, అప్పుడు షాంపూ వేయండి. స్ప్రే, పౌడర్లకు నూనె అవసరం లేదు. తలను ముందుకు వంచి గోరువెచ్చటి నీటితో బాగా తడిపి, రెండుసార్లు షాంపూ పెట్టాలి. మొదటి నురుగు బూడిద రంగులో వస్తుంది, రెండోది తెల్లగా వస్తే పని అయినట్టు. కళ్లు మూసుకుని ఉండండి, ఆ నీరు కంట్లో పడితే మండుతుంది.

చర్మం మీది మరకను సబ్బుతో గట్టిగా తోమితే ఎర్రగా కందుతుంది, మరక అలాగే ఉంటుంది. దూదికి కొబ్బరినూనె గానీ, మేకప్ తీసే ద్రవం గానీ అద్ది, మరక మీద ఒక నిమిషం ఉంచి, బయటి నుంచి లోపలికి తుడవండి. బట్ట మీద పౌడర్ పడితే తడపకుండా ముందు దులపండి. తడిపాక అది నూలులోకి దిగిపోతుంది. దులిపాక గిన్నెలు తోమే ద్రవసబ్బు చుక్క వేసి, వెనుకవైపు నుంచి చల్లటి నీరు పోయండి.

స్ప్రే డబ్బాను వాడిన ప్రతిసారీ ముక్కు తుడిచి మూత పెట్టండి, లేకపోతే ఎండిన రంగు అడ్డుపడి మరోసారి చుక్కలుగా చిమ్ముతుంది. ఎండ పడే కిటికీ గట్టు మీద గానీ, ఎండలో నిలిపిన కారులో గానీ ఉంచకండి. 50 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి ఆ డబ్బాలకు ప్రమాదకరం. మస్కారా కుంచెను ఇతరులతో పంచుకోకండి. వాసన మారితే గానీ, గడ్డలు కడితే గానీ, తేదీ దాటకపోయినా సరే పారేయండి.